తలకిందుల నిమ్మగడ్డి

ఆ రోజు ఉదయం ఉదోమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, ముఖం కడుక్కోవాలి, కాఫీ కలిపి పికున్‌కి ఒక కప్పు ఇవ్వాలి, "ఇక మీదట మనిద్దరం కలిసే వెళ్దామా?" అని అడగాలి. అంతే. నీళ్లు మరిగేలోగా అయిపోవలసిన పని. అయితే ఆ ఒక్క మాటా నోట్లో పెట్టుకుని ఆయన తిరగబట్టి ఇది నాలుగో గాలివాన.

గాలివానలతో లెక్క ఎందుకంటే, ఎండాకాలంలో వాళ్లిద్దరినీ కలిపేది అదొక్కటే. ఉదోమ్ క్షురకుడు. లంపాంగ్ రైల్వే స్టేషను ఎదుట చిన్న దుకాణం ఉండేది. భార్య పోయాక కొన్నేళ్లు ఆ దుకాణంలోనే కూర్చుని ఎదురుగుండా అద్దంలో తన ముఖమే చూసుకుని విసిగిపోయి, ఒకనాడు అదే అద్దాన్నీ, కత్తెర్లనీ, మడత కుర్చీనీ సైకిలు మీద కట్టుకుని బయల్దేరాడు. ఊరూరా తలలు కత్తిరించడం, బౌద్ధ విహారాల మంటపాల్లో పడుకోవడం. పికున్‌ది కూడా సైకిలు బతుకే. బ్యాంకాక్‌లో బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుడుతూ వయసంతా గడిపింది. ఫ్యాక్టరీ మూతపడ్డ మర్నాడే చేతి కుట్టుమిషన్‌ని క్యారియర్ మీద బిగించుకుని రోడ్డెక్కింది. దోమతెరలు, పరదాలు, భిక్షువుల చీవరాలు, ఏది చిరిగితే అది కుడుతుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కాలర్ల హడావిడిలో పడి మర్చిపోయానండీ" అంటుంది.

చిక్కల్లా ఎక్కడంటే, పికున్ గాలిలా తొక్కుతుంది. ఉదోమ్‌కి మోకాలి నొప్పి. ఆమె ఒక పూటలో దాటే దూరం ఈయనకి ఒక రోజు. ఎండ కాసినన్నాళ్లూ ఆమె ముందు, ఈయన వెనక. గాలివాన వచ్చిందంటే మాత్రం ఎంత వేగం మనిషైనా ఆగక తప్పదు. రేకుల కప్పులు ఎగరకముందే సిమెంటు కప్పు వెతుక్కోవాలి, సైకిలు పడుకోబెట్టాలి, సామానంతా ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టాలి, చెట్లకి దూరంగా గొంతుక్కూర్చోవాలి. ఆ తరవాత కొండదారి బురద ఆరేదాకా కదలడానికి లేదు. అప్పుడు ఉదోమ్ కుంటుకుంటూ వచ్చి కలుసుకునేవాడు. రోడ్డు మీద బతికేవాళ్లందరూ ఎండాకాలపు గాలివానని నోరారా తిట్టుకుంటారు. ఉదోమ్ ఒక్కడు దానికి దణ్ణం పెట్టుకునేవాడు.

మొదటిసారి బస్సు షెల్టర్లో వడగళ్ల మధ్య. ఈయన తన అల్యూమినియం గిన్నె ఆమె నెత్తిన బోర్లించి, తను మడతకుర్చీ నెత్తిన పెట్టుకున్నాడు. రెండోసారి బియ్యం మరలో. మూడోసారి బడి వరండాలో. ప్రతిసారీ కబుర్లు బాగానే సాగేవి, అసలు మాట దగ్గరికి వచ్చేసరికి వాన వెలిసేది. ఆమె వెళ్లిపోయేది. ఆమె వెనక టైరుకి పెద్ద అతుకు ఒకటుంది. తడి మట్టిలో అది చుట్టుకొకసారి నెలవంకలాంటి ముద్ర వేస్తుంది. ఆ ముద్రలు పట్టుకుని ఉదోమ్ వెళ్లేవాడు. నేల ఎండిపోతే ముద్రలుండవు. అలాంటి రోజుల్లో నాలుగు రోడ్ల కూడలిలో సైకిలు దిగి, ఏ దారి పట్టాలో తెలియక, గుండెల్లో ఏదో లాగేస్తుంటే ఊరికే నిలబడిపోయేవాడు. ఏభై ఏడేళ్ల వయసులో ఇదేం ఖర్మరా బాబూ అని తనని తనే తిట్టుకునేవాడు. తిట్టుకుని మళ్లీ ఎక్కేవాడు.

ఇప్పుడు ఈ హువాయ్ మోన్ ఊరి విహారంలో నాలుగోసారి కలిశారు. రాత్రి వాన పెద్దగా పడలేదు, పొద్దున్నకే నేల ఆరిపోయింది. ఉదోమ్ కాఫీ పట్టుకెళ్లేసరికి పికున్ అప్పటికే సామాను కడుతోంది.

"పికున్ గారూ, కాఫీ."

"అక్కడ పెట్టండి. ఆకాశం చూశారా, ఎంత తేటగా ఉందో! ఇవాళ కనుమ ఎక్కేస్తాను."

"కనుమా?" ఉదోమ్ మోకాలు అప్పుడే చురుక్కుమంది.

"అవతల మెకాంగ్ నది ఒడ్డున నా ఫ్యాక్టరీ స్నేహితురాలు ఉంది. రమ్మని ఒకటే పోరు. వానాకాలమంతా అక్కడే ఉండిపోతానేమో." ఆమె తాడు బిగించి ఆగింది. "మీరేదో చెప్పబోయారు."

ఆ కనుమ ఎక్కడం తన మోకాలి వల్ల కాదని ఉదోమ్‌కి తెలుసు. ఆమె అటు దిగిందంటే ఇక ఏ గాలివానా కలపలేదు. ఇప్పుడే అడగాలి. నోరు తెరిచాడు.

"చక్కెర సరిపోయిందా?" అన్నాడు.

పికున్ కప్పు అందుకుని ఒక గుక్క తాగి, "తక్కువైంది" అంది.

సరిగ్గా అప్పుడే గ్రామపెద్ద సెంగ్ గారి భార్య బువాచన్, వెనకాల నలుగురు ఆడవాళ్లతో, చేతిలో నిమ్మగడ్డి కట్టతో మంటపం మెట్లెక్కింది. బువాచన్ మాట్లాడితే మైకు అక్కర్లేదు.

"అమ్మా, నీకు పెళ్లయిందా?"

"లేదండీ. ఏం, సంబంధం తెచ్చారా?"

"సంబంధం కాదు తల్లీ, నిమ్మగడ్డి తెచ్చాను."

పికున్‌కి వెంటనే అర్థమైంది. ఆ దేశంలో పుట్టినవాళ్లకి ఇందులో చెప్పాల్సింది ఏమీ లేదు. వేడుక రోజు వాన రాకుండా ఉండాలంటే పెళ్లికాని, మగవాడి పొత్తు ఎరగని ఆడది ఆరుబయట ఎవరూ చూడకుండా నిమ్మగడ్డి కాడని తలకిందులుగా, ఆకు కొస భూమిలోకీ వేరు మొదలు ఆకాశంలోకీ వచ్చేట్టు, నాటాలి. మర్నాడు సెంగ్ గారి కొత్తింటి గృహప్రవేశం. పెరటినిండా షామియానాలు వేశారు, పాటల బృందాన్ని పిలిచారు, పందిని కోశారు. రేడియోవాడేమో మూడు రోజుల నుంచి గాలివాన, గాలివాన అని ఒకటే గోల.

"ఇంత ఊళ్లో పెళ్లికాని పిల్లలే లేరా అండీ?" అని అడిగింది పికున్.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిరుడు ఒక వేడుకకి సెంగ్ గారి మేనకోడలు నాటింది. కుండపోతగా వాన కురిసింది. ఆ పిల్ల తల్లి ఇప్పటికీ సంతకి రాదు. అప్పటినుంచి ఏ తల్లీ తన కూతుర్ని నిమ్మగడ్డి దగ్గరికి పంపడం లేదు.

"నువ్వయితే పైఊరి మనిషివి," అంది బువాచన్ దాపరికం లేకుండా. "వాన ఆగిందనుకో, పుణ్యం నీది. ఆగలేదనుకో, ఎల్లుండికి నువ్విక్కడ ఉండవుగా!"

పికున్ పకపకా నవ్వింది. "మీ తెలివికి దణ్ణం పెట్టాలి వదినా!"

"అయితే వేడుక ముగిసేదాకా నాటిన మనిషి ఊరు దాటకూడదు."

పికున్ కనుమ వైపు చూసింది, తాగీ తాగని కాఫీ వైపు చూసింది. "సర్లెండి, రేపు మధ్యాహ్నం దాకా ఆగుతాను" అని సామాను విప్పడం మొదలుపెట్టింది.

ఉదోమ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నిమ్మగడ్డి గనక పని చేసిందా, రేపు ఎండ ఫెళ్లున కాస్తుంది, భోజనం కాగానే ఆమె కనుమ ఎక్కేస్తుంది. వాన పడిందా, కొండదారి జారుడై రెండు మూడు రోజులు ఆగిపోతుంది. ఇలాంటివి తను నమ్మనని ఉదోమ్ అందరికీ చెప్పేవాడు. నమ్మనివాళ్లకే భయం ఎక్కువ.

పికున్ ఒంటరిగా సెంగ్ గారి వంటింటి వెనక్కి వెళ్లి, చాలాసేపటికి మట్టిచేతులతో తిరిగొచ్చింది. కోళ్లు కెలకకుండా పైన కోళ్లగంప బోర్లించి వచ్చానని చెప్పింది. ఇక ఆ గంప ఎవరూ ఎత్తకూడదు.

ఉదోమ్ కొత్తింటి నీడన కుర్చీ వేసి అద్దం తగిలించాడు. వేడుకకి ముందు ఊళ్లో మగవాళ్లందరికీ ఒకేసారి జుట్టు పెరిగినట్టుంది, బారులు తీరారు. ఉదోమ్ పనిమంతుడే కానీ, పాపం, నోట్లో నువ్వుగింజ నానదు. కుర్చీలో కూర్చున్న ప్రతి తలా, "ఆ కుట్టుపని అక్క ఎవరు బాబాయ్, నీకు తెలుసా?" అని అడిగింది. ప్రతి తలకీ ఈయన మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. బస్సు షెల్టరు, అల్యూమినియం గిన్నె, బియ్యం మర, బడి వరండా. ఆమె చేతి కుట్టు ఎంత సన్నగా ఉంటుందో, ఎక్కుడు దారిలో కూడా దిగకుండా ఎలా తొక్కుతుందో, వాన చప్పుడులో ఆమె నవ్వితే ఎలా వినిపిస్తుందో. చెబుతూ చెబుతూ ఒకాయన చెవి పైన ఉంచమన్న జుట్టంతా తీసేశాడు.

మధ్యాహ్నానికి ఉక్కబోత పట్టలేకపోయింది. ఆకు కదలడం లేదు. చీమలు గుడ్లు మోసుకుని గోడలెక్కుతున్నాయి. కనుమ మీద నల్లటి మబ్బు లేచింది. రోడ్డు మీద బతికేవాడికి ఇంతకంటే చెప్పాలా! ఉదోమ్ లోలోపల చంకలు గుద్దుకున్నాడు. కాసేపటికి గాలి వీచి ఆ మబ్బు కాస్తా పక్క లోయలోకి జరిగిపోయింది.

"చూశారా! ఆడది నాటితే అట్లా నాటాలి!" అని బువాచన్ పెరట్లోంచి కేక వేసింది.

ఉదోమ్ కత్తెర కింద పెట్టేశాడు.

ఊరంతా కునుకు తీసే వేళ చూసుకుని, గడ్డం గీసేందుకు వేడినీళ్లన్న వంకతో వంటింటి వెనక్కి నడిచాడు. అప్పుడే దుమ్ముగాలి లేచి కళ్లలో పడింది. కళ్లు మూసుకునే గంప ఎత్తాడు. చేతికి కాడ తగిలింది. ఆకులు కత్తిరించిన మొండి కాడ. లాగాడు, తిప్పాడు, మళ్లీ గుచ్చాడు. తలకిందులుగా ఉన్నదాన్ని తిప్పితే తిన్నగా అవుతుంది, ఇందులో చూడాల్సింది ఏముంది? గంప బోర్లించి నిటారుగా నిలబడేసరికి ఎదురుగా బువాచన్!

"అన్నా, మా కోళ్లగంప దగ్గర నీకేం పని?"

"గడ్డం నీళ్ల కోసమండీ."

"గడ్డం నీళ్లు గంప కింద ఉంటాయా?"

"కోడి... కోడికి దుమ్ము పడుతోందేమోనని..."

"దాని కింద కోడి లేదు," అంది బువాచన్, ఆయన్ని పైనుంచి కిందికి చూస్తూ. "ఆ నిమ్మగడ్డి అక్క ఇటుగానీ వచ్చిందా?"

"అబ్బే, రాలేదండీ!" అన్నాడు ఉదోమ్, అవసరానికి మించి గట్టిగా.

మర్నాడు పొద్దున్న ఆకాశం అద్దంలా ఉంది. భిక్షువులు వచ్చి కొత్తింట్లో మంగళ పాఠాలు చదివి, భోజనం చేసి, ఆశీర్వదించి విహారానికి వెళ్లిపోయారు. షామియానాల కింద పంది మాంసం, మిరపకాయ పచ్చడి, బుట్టల్లో పొగలు కక్కే జిగురు అన్నం. పాటల బృందం అమ్మాయి గొంతు సవరించుకుంటోంది. ఒక పక్కన ఉదోమ్, ఊరికి పెద్దదిక్కయిన తాత మూన్‌కి ఆఖరి క్షణంలో క్షవరం చేస్తున్నాడు. ఇంకో పక్కన పికున్ కుట్టుమిషన్ మూట కట్టేసి, కాళ్లకి బూట్లు కూడా తొడుక్కుని, పళ్లెం పట్టుకుని కూర్చుంది. ఆ బూట్లు చూస్తుంటే ఉదోమ్‌కి చెయ్యి ఆడటం లేదు. తిప్పినా పని చెయ్యలేదే, నా రాతే ఇంత అనుకున్నాడు.

అదిగో, అప్పుడు వచ్చింది.

ముందు ఒక్క చల్లగాలి. పికున్, ఉదోమ్ ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. "లేవండి! రేకుల కిందికి వద్దు, మంటపంలోకి పదండి!" అని పికున్ అరిచింది. ఎవరూ వినలేదు. రెండో గాలికి షామియానా గుంజలతో సహా లేచి, పాటల అమ్మాయి తల మీదుగా వెళ్లి, సెంగ్ గారి కొత్తింటి కప్పు మీద కూర్చుంది. ఆ వెంటనే వడగళ్లు. పులుసు గిన్నెల్లో టప్ టప్‌మని పడుతుంటే పులుసు ఎగిరి ముఖాల మీద పడింది. బుట్టల్లో అన్నం కాపాడుకోవాలో, తల కాపాడుకోవాలో తేల్చుకోలేక కొందరు అన్నంతో సహా బుట్ట నెత్తిన బోర్లించుకున్నారు. ఒకటే పరుగు. తాత మూన్ మెడకి తువ్వాలుతో, కుడివైపు జుట్టు ఉండి ఎడమవైపు లేకుండా, అందరికంటే ముందు విహారం మంటపం చేరాడు.

మంటపం నిండిపోయింది. తడిసిన బట్టలు, చేతుల్లో పళ్లాలు. ఊపిరి తీసుకున్నాక జనానికి గుర్తొచ్చింది. ఒక్కొక్క తలే పికున్ వైపు తిరిగింది.

"ఏమమ్మా, నిజం చెప్పొద్దా మాకు?" అంది బువాచన్, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"ఏం నిజం వదినా?"

"పెళ్లి కాలేదన్నావు, సరే. మిగతాది నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు ఆకాశమే చెప్పింది!"

"వాతావరణ శాఖవాళ్లు కూడా చెప్పారు కదమ్మా, మూడు రోజుల నుంచి" అన్నారు పెద్ద భిక్షువు ఓ మూలనుంచి. ఆ మాట ఎవరికీ పట్టలేదు.

"ఊరి దేవతలకి కోపం వచ్చింది," అన్నాడు సెంగ్, కొత్తింటి కప్పు వైపు దిగులుగా చూస్తూ. "తప్పు చేసిన మగవాడెవడో తేలాలి. కోళ్లు పెట్టి క్షమాపణ చెప్పుకోవాలి."

మగవాడెవడు? ఆ ప్రశ్న పుట్టడమే ఆలస్యం, నిన్న కత్తిరించిన తలలన్నీ నోళ్లు విప్పాయి. "బస్సు షెల్టర్లో ఇద్దరే ఉన్నార్ట!" "ఒకే గిన్నె కింద ఇద్దరూ తల దాచుకున్నార్ట!" "బియ్యం మరలో రాత్రంతా వాన చూశార్ట!" "బడి వరండాలో కూడానట, ఛీ ఛీ, బడిలో!" "నా చెవి పైన జుట్టు పోయింది ఆ ముచ్చట్లలోనే!" ఉదోమ్‌కి చెమట్లు పట్టాయి. తను మురిసిపోతూ చెప్పుకున్న కబుర్లే ఊళ్లోవాళ్ల నోట పడి ఆమె పరువు తీస్తున్నాయి. ముల్లు తియ్యబోతే కొర్రు దిగడమంటే ఇదే.

పికున్ నిబ్బరంగానే నిలబడింది. "నాకు యాభై మూడేళ్లు. నా మీద పడ్డ మొదటి నింద ఇది. పాతికేళ్లప్పుడు పడి ఉంటే కాస్త బాగుండేది" అంది. కొందరు నవ్వారు. ఉదోమ్ నవ్వలేకపోయాడు. ఆమె చేతిలో పళ్లెం వణకడం ఆయన చూశాడు. దారాన్ని సూది బెజ్జంలోకి ఒక్కసారికే ఎక్కించే చెయ్యి అది.

"ఆగండి!" అని కత్తెర పట్టుకునే లేచి నిలబడ్డాడు. "ఆవిడ తప్పేం లేదు. నిమ్మగడ్డి నేను తిప్పేశాను!"

ఈసారి తలలన్నీ ఉదోమ్ వైపు తిరిగాయి.

"తిప్పేశావా?" అంది బువాచన్.

"నిన్న మధ్యాహ్నం. గంప ఎత్తి, కాడ పీకి, తిన్నగా నాటేశాను. వాన పడాలని."

"కొత్తింటి పండగ పూట వాన పడాలని ఏ మానవుడైనా కోరుకుంటాడా? ఎందుకయ్యా?"

"వాన పడకపోతే ఆవిడ వెళ్లిపోతుంది." ఉదోమ్ కత్తెరతో కనుమ వైపు చూపించాడు. "ఎండ కాస్తే నేనామెని అందుకోలేను. ఆ కనుమ నా మోకాలు ఎక్కలేదు. నాకు భార్య పోయినప్పటినుంచి... రోడ్డు మీద ఆ టైరు ముద్రలు కనపడితేనే పొద్దు పొడిచినట్టుంటుంది. అవి లేని రోజు ఎక్కడికి పోవాలో కూడా తోచదు. కలిసి వెళ్దామని అడగడానికి నాలుగు వానలైంది, నోరు రాలేదు. అందుకని తిప్పాను. తప్పు నాది. కోళ్లు నేను పెడతాను. ఆవిడని ఏమీ అనకండి."

ఒక్క మనిషి ముందు నాలుగు వానలు పట్టిన మాట, ఊరందరి ముందూ ఒక్క గుక్కలో అయిపోయింది. పికున్ పళ్లెం కింద పెట్టింది. ఆయన వంక అదోలా చూసింది. ఏదో చెప్పబోయింది, కానీ అప్పటికే వడగళ్లు తగ్గాయి, జనం లేచారు.

"చూస్తే పోలా? పదండి!"

ఊరు ఊరంతా వంటింటి వెనక్కి కదిలింది. ఉదోమ్ ముందు నడిచాడు. పరువు పోయినా ఆమె బయటపడుతుందని ఆయనకి ధీమా. సెంగ్ గంప ఎత్తాడు.

నిమ్మగడ్డి కాడ ఆకు కొస మట్టిలోకి, తెల్లటి వేరు మొదలు ఆకాశంలోకి, శాస్త్రం చెప్పినట్టు సలక్షణంగా తలకిందులుగా నిలబడి ఉంది.

ఉదోమ్ కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. "అది కాదు... నేను నిజంగా..."

"నోర్ముయ్యరా అబ్బాయ్," అన్నాడు తాత మూన్, సగం క్షవరం చేసిన తల ఊపుతూ. తీర్పు చెప్పడం ఊళ్లో ఆయన హక్కు. "అందరూ చూశారుగా. ఎవడూ ఏదీ తిప్పలేదు. ఆడమనిషి పరువు కాపాడటానికి వీడు లేని నేరం నెత్తిన వేసుకున్నాడు. పరాయి ఆడదాని కోసం ఏ మగవాడైనా ఇంత అబద్ధం ఆడతాడా? వీడే ఆ మగవాడు!"

"అందుకా నిన్న గంప దగ్గర తచ్చాడింది!" అంది బువాచన్ చప్పట్లు చరుస్తూ. "ఆవిడ కోసం కాసుకుని ఉన్నాడన్నమాట! నేనప్పుడే అనుకున్నాను!"

నిజం చెప్పినందుకు అబద్ధాలకోరని తేల్చడం ఉదోమ్ జీవితంలో అదే మొదలు. ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. మొత్తుకున్నకొద్దీ, "ఎంత ప్రేమో చూడండమ్మా" అని ఆడవాళ్లు కళ్లొత్తుకోసాగారు. శిక్ష కూడా అక్కడే ఖాయమైంది. ఊరి దేవతలకి రెండు కోళ్లు, ఒక సీసా సారా, ఆ తరవాత పెద్దల చేత ఇద్దరి మణికట్లకీ తెల్లదారం. దారం కట్టారంటే ఇక మొగుడూ పెళ్లాల కిందే లెక్క.

"అయ్యా, దారం వద్దు!" అన్నాడు ఉదోమ్. ఏడుపొక్కటే తక్కువ. ఆయన ఎంతో కోరుకున్నది ఇలా, ఆమె మెడ మీద కత్తి పెట్టినట్టు రావడం ఆయనకి భరించరానిదైంది. "రెండు కోళ్లూ నేనే ఇచ్చుకుంటాను. ఆమెని కనుమ ఎక్కనివ్వండి. నేను వెనక్కి పోతాను."

జనం పికున్ వైపు చూశారు. ఆమె బూట్ల మట్టిని గట్టుకి రాస్తూ నిలబడి ఉంది.

"రెండు కోళ్లూ ఆయనే ఎందుకివ్వాలి?" అంది తాపీగా. "ఒకటి నాది."

బువాచన్ అంత గట్టిగా మునుపెన్నడూ అరవలేదని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాయంత్రానికి షామియానాని కప్పు మీంచి దింపారు. తాత మూన్‌కి రెండో వైపు క్షవరం పూర్తయ్యాక ఆయనే ముందుగా దారం కట్టాడు. ఆ సందడి తగ్గాక ఇద్దరూ విహారం పంపు దగ్గర సైకిళ్ల గొలుసుల్లో ఇరుక్కున్న బురద పుల్లలతో గీకుతూ కూర్చున్నారు.

"పికున్ గారూ, మీరు నన్ను నమ్మాలి. నేను నిజంగానే తిప్పాను."

"తెలుసు."

"మరి అది తలకిందులుగా ఎట్లా..."

"నేను తిన్నగా నాటాను కాబట్టి."

ఉదోమ్ చేతిలో పుల్ల విరిగింది. "పొరపాటునా?"

"నాకు నిమ్మగడ్డిలో వేరేదో ఆకేదో తెలియదనుకున్నారా? వాన పడాలనే నాటాను."

"ఎందుకు?"

"ఏం చెప్పబోయారని నిన్న పొద్దున మిమ్మల్ని నేనడిగాను. చక్కెర గురించి చెప్పారు." పికున్ గొలుసు మీంచి తల ఎత్తలేదు. "ఎండలో మీరు రోజుకి ఎంత దూరం తొక్కుతారో మీకేమైనా తెలుసా ఉదోమ్ గారూ? బాగున్న టైరులో గాలి తీసి, మళ్లీ కొట్టుకుంటూ, ప్రతి ఊరి పొలిమేరలో ఎంతసేపని కూర్చోను? దారిన పోయేవాళ్లు ఆగి, పంక్చరా అమ్మా అని జాలిపడుతున్నారు. నా పంపులో వాషరు మీ వల్లే అరిగిపోయింది. ఆ అతుకు టైరు ఎప్పుడో మార్చాల్సింది. మారిస్తే మీకు దారి ఎట్లా తెలుస్తుంది?"

ఉదోమ్ గొలుసు వదిలేశాడు. ఇన్నాళ్లూ తను ఒక్కడే వెంటపడుతున్నానని అనుకున్నాడు. ముందున్న మనిషి ప్రతి మలుపులోనూ వెనక్కి చూస్తోందని ఆయనకి ఎవరు చెబుతారు? కళ్లల్లో నీళ్లు తిరిగితే బురద చేత్తోనే తుడుచుకున్నాడు.

"ఇంకో సంగతి," అంది పికున్. "చివరికి దాన్ని తలకిందులుగా నాటింది మీరు. అయినా వాన పడింది. మరి నిమ్మగడ్డి పరీక్షలో తప్పింది ఎవరు?"

"నేను పెళ్లయి భార్య పోయినవాణ్ణి కదండీ!"

"అదే అంటున్నాను. నింద మాత్రం నా మీద వేశారు."

ఇద్దరూ నవ్వారు. వాన చప్పుడు లేకపోయినా ఆమె నవ్వు బాగానే వినిపించింది.

"మరి కనుమ?" అన్నాడు ఉదోమ్ మెల్లిగా.

"అది ఎక్కడికీ పోదు. ఏటి వెంట చుట్టుదారి ఉంది. రెండింతల దూరం, అంతా చదునే. నా స్నేహితురాలు ఆగుతుందిలెండి, దానికీ అలవాటే."

ఉదోమ్ మణికట్టు మీద దారం సర్దుకున్నాడు. లోకమంతా తేల్చేసినా, అడగాల్సిన మాట అడగవలసినట్టు అడగాలి కదా. గొంతు సవరించుకున్నాడు.

"అయితే పికున్ గారూ, ఇక మీదట మనిద్దరం కలిసే వెళ్దామా?"

"ముందు కాఫీ కలపండి," అంది ఆమె. "ఈసారి చక్కెర చూసి వెయ్యండి."

ఆ పూట ఊరి దేవతలకి చూపించిన రెండు కోళ్లనీ బువాచన్ ఆ నిమ్మగడ్డి వేసే పులుసు పెట్టింది. తలకిందులుగా నాటినా తిన్నగా నాటినా రుచిలో మాత్రం ఏమీ తేడా లేదని ఊరంతా ఒప్పుకుంది.